షోరూమ్ కార్లతో 500 మైళ్ళ రేసు: నిజంగా ఏ మార్పూ లేకుండానే పరిగెత్తించారా?

మీ ప్రశ్న ఇది: "1960లో ఆస్ట్రేలియాలో ఎవరైనా షోరూమ్‌కి వెళ్ళి కొనుక్కునే మామూలు కార్లతో 500 మైళ్ళ రేసు పెట్టారని చదివాను. నిజంగా మామూలు కార్లేనా, పేరుకే అలా అన్నారా? ఆ కాలపు కార్లు 800 కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తితే వాటిలో ఏం పాడయ్యేది? మా తమ్ముడు సిడ్నీలో ఉంటాడు, వెళ్తే ఆ ట్రాక్ చూడొచ్చా?"

ముందు సూటిగా చెప్తాను. అవును, మామూలు కార్లే. మొదటి మూడు, నాలుగేళ్ళు దాదాపు అచ్చంగా మామూలు కార్లు. ఆ తర్వాత కూడా రూలు మారలేదు, రేసు కారు షోరూమ్ కారే అయి ఉండాలన్నారు. మారింది షోరూమ్‌లో అమ్మే కారు. రేసులో నెగ్గాలంటే అమ్మే కారునే మార్చాలని కంపెనీలకు అర్థమైపోయింది. ఆ రేసు కథ మొత్తం ఈ ఒక్క మలుపులోనే ఉందని నా అభిప్రాయం. నేను మెల్‌బోర్న్‌లో చాలా ఏళ్ళుగా బ్రేకులు, సస్పెన్షన్ పని చేస్తున్నాను. ఆ కాలపు కార్లను ఇప్పటికీ నడిపే పాత కార్ల క్లబ్బుల వాళ్ళ బళ్ళు నా చేతి కిందికి వస్తుంటాయి. కాబట్టి మెకానిక్ వైపు నుంచి కాస్త ఎక్కువే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

మొదటి రేసు 1960 నవంబర్ 20న ఫిలిప్ ఐలాండ్‌లో జరిగింది. మెల్‌బోర్న్‌లో ఉండే మన తెలుగువాళ్ళు ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే పెంగ్విన్లను చూపించడానికి తీసుకెళ్ళే దీవి అదే. మోటోజీపీ బైకు రేసులు జరిగిన ట్రాక్ కూడా అక్కడే ఉంది. రేసు పేరు ఆర్మ్‌స్ట్రాంగ్ 500. ఆర్మ్‌స్ట్రాంగ్ అంటే షాక్ అబ్జార్బర్లు తయారుచేసే కంపెనీ. మోరిస్ మైనర్ లాంటి బ్రిటిష్ కార్లకు వాళ్ళ సరుకే వచ్చేది. ట్రాక్ చుట్టు మూడు మైళ్ళు, మొత్తం 167 చుట్లు. ఎనిమిది గంటలు దాటి పట్టింది.

స్పాన్సర్ షాక్ అబ్జార్బర్ల కంపెనీ కావడం చిన్న విషయం కాదు. 1960లో ఆస్ట్రేలియాలో ఊళ్ళు దాటితే చాలా రోడ్లు కంకర రోడ్లే. కారు కొనేవాడికి అన్నిటికన్నా పెద్ద టెన్షన్ ఇంజిన్ పవర్ గురించి కాదు, ఈ బండి ఈ రోడ్ల మీద ఎన్నాళ్ళు నిలబడుతుందన్నదే. అదే ఏడాది అక్కడ తయారీ మొదలైన ఫోర్డ్ ఫాల్కన్ అమెరికాలో నున్నటి రోడ్ల కోసం గీసిన డిజైన్. ఆస్ట్రేలియా రోడ్ల మీద దాని ముందు సస్పెన్షన్ బాల్ జాయింట్లు, అంటే చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే కీళ్ళు, పోవడం మొదలై, ఆ కారు పేరు చెడింది. ఇలాంటి కాలంలో, కొత్త కార్లన్నిటినీ ఒకచోట నిలబెట్టి ఒక రోజంతా పరిగెత్తించి ఏది మిగులుతుందో చూద్దాం అంటే జనం ఎగబడి చూడకుండా ఎలా ఉంటారు? అందరికీ కనబడేలా పెట్టిన ఓర్పు పరీక్ష అది.

రూల్స్ కూడా ఆ ఉద్దేశానికి తగ్గట్టే ఉన్నాయి. కారు ఆస్ట్రేలియాలో తయారైనదో, కనీసం అక్కడ అసెంబుల్ చేసినదో అయి ఉండాలి. ఇంజిన్ సైజును బట్టి క్లాసులు. 750 సీసీ లోపు బుల్లి కార్లకు ఒక క్లాసు, పెద్ద కార్లకు ఇంకొకటి. ఓవరాల్ విజేత అని అధికారికంగా ఎవరూ లేరు, క్లాసు విజేతలే ఉన్నారు. ఇది నాకు చాలా నచ్చిన రూలు. ఎందుకంటే 700 సీసీ కారు కొనేవాడు, 4 లీటర్ల కారు ఎంత ముందు వచ్చిందో తెలుసుకుని ఏం చేసుకుంటాడు? తను కొనగలిగిన ధరలో ఏది నిలబడిందో తెలియాలి. అందరికన్నా ముందు గీత దాటింది మాత్రం జాన్ రాక్స్‌బర్గ్, ఫ్రాంక్ కోడ్ నడిపిన వాక్స్‌హాల్ క్రెస్టా. ఆరు సిలిండర్ల కుటుంబం కారు అది, ముందు వెనక సోఫా లాంటి సీట్లు, స్టీరింగ్ పక్కనే గేర్ లివరు. రికార్డు పుస్తకాల్లో ఇప్పుడు వాళ్ళనే మొదటి విజేతలుగా రాస్తున్నారు.

ఇక మీ రెండో ప్రశ్న, ఏం పాడయ్యేది అన్నది. దీనికి నిదానంగా జవాబు చెప్పాలి.

మొదట పోయేది బ్రేకులు. అప్పటి కార్లలో చాలావాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. పెడల్ తొక్కితే లోపలి షూలు విచ్చుకుని డ్రమ్ము లోపలి గోడకు ఒరుసుకుంటాయి. ఆ ఒరిపిడిలో బండి వేగమంతా వేడిగా మారుతుంది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూల నుంచి దూరం జరుగుతుంది కాబట్టి, పెడల్ ప్రతిసారీ ఇంకాస్త కిందికి దిగుతుంది. షూ మీద ఒరుసుకోవడానికి అతికించిన పొరని లైనింగ్ అంటాం, అందులో ఉన్న జిగురు పదార్థం కాగి ఆవిరి వదిలితే, షూకీ డ్రమ్ముకీ మధ్య పట్టు తగ్గిపోతుంది. అప్పుడు ఎంత గట్టిగా తొక్కినా బండి ఆగదు. ఘాట్ రోడ్డు దిగాక వచ్చే ఆ మాడు వాసన మీకు తెలిసే ఉంటుంది. ఇక వేడి, చక్రం దగ్గర షూలను తోసే వీల్ సిలిండర్ దాకా పాకి బ్రేక్ ఆయిల్ మరిగిందంటే పెడల్ నేరుగా నేలకు తగులుతుంది, దాని తర్వాత ఇక డ్రైవరు చేయగలిగింది గేర్లు తగ్గించడమే.

పాత కార్ల రన్ అయ్యాక అలాంటి డ్రమ్ము నేను విప్పినప్పుడు చూసేది చెప్తాను. డ్రమ్ము లోపలి గోడ మీద నీలిరంగు మచ్చలు తేలి ఉంటాయి, ఇనుము ఎక్కడెక్కడ విపరీతంగా కాలిందో ఆ మచ్చలే చూపిస్తాయి. లైనింగ్ పైన అద్దంలా నున్నటి పొర కట్టి ఉంటుంది, వేలితో రాస్తే జారిపోతుంది. గ్లేజ్ కొట్టిందంటాం. అంచుల్లో సన్నటి పగుళ్ళు. దుమ్ము తుడిచేటప్పుడు మాస్క్ లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వను, ఆ కాలపు లైనింగ్‌లో ఆస్బెస్టాస్ ఉండేది. మీ దగ్గర కూడా ఎవరైనా పాత అంబాసిడర్, పాత ఫియట్ డ్రమ్ములు విప్పి గాలి కొట్టి శుభ్రం చేస్తుంటే దయచేసి ఆపండి. తడిగుడ్డతో తుడవమనండి.

బ్రేకుల తర్వాత షాక్ అబ్జార్బర్లు. స్ప్రింగు ఊగుతుంటే ఆ ఊపును ఆపడమే షాకు పని. లోపల ఆయిల్‌ని సన్నని వాల్వుల గుండా తోయడం వల్ల ఆ ఊపు వేడిగా మారుతుంది. గంటల తరబడి ఆగకుండా గతుకుల మీద కొడితే ఆయిల్ పల్చబడుతుంది, గాలి కలిసి నురగ కడుతుంది. నురగలో రాడ్డు అడ్డూ అదుపూ లేకుండా లోపలికీ బయటికీ ఆడుతుంది. చక్రం రోడ్డును వదిలి ఎగరడం మొదలవుతుంది. ఎగిరే చక్రానికి బ్రేకూ పట్టదు, స్టీరింగూ పట్టదు. బ్రేకులు మంచివే అయినా షాకులు పోతే బ్రేకులు పోయినట్టే ఉంటుంది. డ్రైవరు తప్పు బ్రేకులదే అనుకుంటాడు. ఈ పొరపాటు ఇప్పటికీ నా దగ్గరికి వచ్చే కస్టమర్లలో చూస్తుంటాను.

మూడోది ఇంజిన్ ఆయిల్. ఫిలిప్ ఐలాండ్‌లో పొడవాటి, వేగంగా తిరిగే మలుపులున్నాయి. మామూలు కారు సంపు, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలవుండే తొట్టి, అలాంటి మలుపుల కోసం చేసింది కాదు. ఆయిల్ అంతా ఒక పక్కకి తోసుకుపోతే పంపు పైపు ఆయిల్‌కి బదులు గాలి పీల్చుతుంది. ఒక క్షణం ప్రెషర్ పడిపోతే ఏమీ కాదు. కానీ ప్రతి చుట్టులో, అదే మలుపులో, 167 సార్లు పడిపోతే బేరింగులు మెల్లగా అరిగి, ఆఖరికి ఒక చుట్టులో ఇంజిన్ టకటకమని కొట్టడం మొదలెడుతుంది. డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ లైటు మలుపు మలుపుకీ మినుకుమంటుంటే కాస్త మెల్లగా తిప్పాలని తెలిసినవాడే ఆ రేసు పూర్తిచేసేవాడు.

అందుకే ఆ రేసులో హ్యారీ ఫర్త్ లాంటి వాళ్ళు నెగ్గారు. ఆయన మెల్‌బోర్న్ మెకానిక్, ట్యూనరు, డ్రైవరు, మూడూ ఒక్కరే. జనం ఆయన్ని గుంటనక్క అని ముద్దుగా పిలిచేవాళ్ళు. 1961లో బాబ్ జేన్‌తో కలిసి మెర్సిడెస్ బెంజ్ 220 ఎస్ఈ నడిపి ముందొచ్చాడు. మరుసటి ఏడాది అదే జోడీ ఫోర్డ్ ఫాల్కన్‌తో వచ్చి మళ్ళీ నెగ్గింది. రెండేళ్ళ కింద బాల్ జాయింట్ల వల్ల పరువు పోగొట్టుకున్న ఫాల్కనే అది, గట్టిపరిచిన ఎక్స్ఎల్ మోడల్. ఆ గెలుపు విలువ ఎంతో ఊహించుకోండి. తర్వాత 1965లో ఫోర్డ్ వాళ్ళు తమ యూ యాంగ్స్ టెస్ట్ ట్రాక్‌లో ఐదు ఫాల్కన్లను రాత్రీ పగలూ తొమ్మిది రోజులు తిప్పి, అన్నీ కలిపి 70,000 మైళ్ళు, సగటున గంటకు 70 మైళ్ళ పైన వేగంతో పూర్తిచేయించారు. ఆ ఆలోచనకు బీజం ఈ 500 మైళ్ళ రేసులోనే పడిందని నేను నమ్ముతాను. ఓర్పు చూపిస్తే కార్లు అమ్ముడుపోతాయని ఆ రేసే నేర్పింది.

1962 రేసులో కార్లకన్నా ముందు రోడ్డే ఓడిపోయింది. దీవికి వెళ్ళే అప్పటి వంతెన బరువైన తారు యంత్రాలను మోయలేదు కాబట్టి, ట్రాక్ మీద వేడి తారు కాకుండా కోల్డ్ మిక్స్ వేశారు. రోజంతా కార్లు తిరిగేసరికి అది పెళ్ళలు పెళ్ళలుగా లేచిపోయి గుంతలు పడ్డాయి. బాగుచేయించడానికి ట్రాక్ నడిపే క్లబ్బు దగ్గర డబ్బు లేదు. 1963లో రేసు న్యూ సౌత్ వేల్స్‌లోని బాథర్స్ట్ పట్టణానికి, మౌంట్ పనోరమ కొండ మీదికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి అక్కడే ఉంది.

కొండ మీదికి వెళ్ళడంతో ఆట మొత్తం మారింది. మౌంట్ పనోరమ రోడ్డు 1938లో తెరిచారు. ఆర్థిక మాంద్యం రోజుల్లో పని లేనివాళ్ళకు పని కల్పించడానికి కొండ చుట్టూ వేసిన రోడ్డు అది. చుట్టు 6.17 కిలోమీటర్లు, అడుగు నుంచి పైకి 174 మీటర్ల ఎత్తు. ఎక్కేటప్పుడు ఇంజిన్ మీద, రేడియేటర్ మీద, క్లచ్ మీద భారం. కొండ పైన స్కైలైన్ అనే చోటు దాటగానే మెలికలు తిరుగుతూ నిటారుగా దిగుడు, అక్కడ బ్రేకుల మీద భారం. దిగీ దిగగానే రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ పొడవున్న కాన్‌రాడ్ స్ట్రెయిట్, అందులో ఫుల్ స్పీడ్. ఆ చివర ఇంకో గట్టి బ్రేకు. ఇలా 130 చుట్లు. చల్లబడే సందే లేకుండా బ్రేకులకు ఇంత పని పెట్టే రోడ్డు ఇంకోటి వెతకడం కష్టం.

ఇంకో మార్పు కూడా అక్కడే వచ్చింది. క్లాసులు ఇంజిన్ సైజును బట్టి కాక, షోరూమ్ ధరను బట్టి పెట్టారు. ఇంతకన్నా కొనేవాడి పక్షాన ఉన్న రూలు ఏ రేసులోనూ నేను చూడలేదు. నీ జేబులో ఇంత ఉంది, ఇంతలో దొరికే కార్లలో కొండ మీద ఏది నిలబడుతుందో చూసుకో అన్నట్టు.

ఇక్కడి నుంచి మీ మొదటి ప్రశ్నకు అసలు జవాబు మొదలవుతుంది. మామూలు కార్లు మామూలుగా ఉండడం మానేసింది ఈ ఏడాదే.

హోల్డెన్ అప్పట్లో దేశంలో అందరికన్నా ఎక్కువ కార్లు అమ్మే కంపెనీ. దాని యజమాని జనరల్ మోటార్స్‌కు రేసులో దిగకూడదని కంపెనీ నియమం ఉంది. అయినా 1963 రేసుకు ముందు హోల్డెన్ ఈహెచ్‌లో ఎస్4 అని ఒక ప్రత్యేక మోడల్ వచ్చింది, నూరుకు కాస్త పైన మాత్రమే తయారుచేశారు. పైకి చూస్తే మామూలు ఈహెచ్. తేడా అంతా కిందే ఉంది. మామూలు కారుకి పెట్రోల్ ట్యాంకు 9.5 గ్యాలన్లయితే దీనికి 12 గ్యాలన్లు. బ్రేక్ షూలకు మామూలు లైనింగ్ బదులు వేడికి తట్టుకునే లోహపు లైనింగ్.

ట్యాంకు లెక్క చూడండి, దాని వెనకున్న తెలివి తెలుస్తుంది. ఉదాహరణకి రేసు వేగంలో గ్యాలనుకు 15 మైళ్ళు వస్తాయనుకుందాం. 9.5 గ్యాలన్లతో 142 మైళ్ళు వస్తాయి, కాబట్టి 500 మైళ్ళకు మూడుసార్లు పెట్రోలు పోయించుకోవాలి. 12 గ్యాలన్లతో 180 మైళ్ళు, రెండుసార్లు ఆగితే సరిపోతుంది. ఒక ఆగుడు తప్పితే కొండ మీద దాదాపు ఒక చుట్టు కలిసొస్తుంది. పవర్ ఒక్క గుర్రం కూడా పెంచకుండానే ఒక చుట్టు ముందుకు పోవచ్చు. ఇది రేసు చేసేవాడి ఆలోచన, కానీ షోరూమ్ కాగితం మీద అది ఒక మామూలు అదనపు సదుపాయం.

అయినా ఆ ఏడాది ఎస్4 నెగ్గలేదు. హ్యారీ ఫర్త్, బాబ్ జేన్ ఫోర్డ్ కార్టినా జీటీలో వచ్చి గెలిచారు. కార్టినా ఇంజిన్ ఒకటిన్నర లీటరు, హోల్డెన్ ఇంజిన్ దానికి దాదాపు రెండింతలు. కానీ కార్టినా తేలిక బండి, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు. డిస్కు బయటికి తెరుచుకుని ఉంటుంది కాబట్టి గాలి తగిలి చల్లబడుతుంది. వేడెక్కి మందమైనా ప్యాడ్‌కు దగ్గరగా జరుగుతుందే తప్ప దూరం పోదు, పెడల్ కిందికి దిగదు. లోహపు లైనింగ్‌తో ఎంత సర్దుబాటు చేసినా డ్రమ్ము డ్రమ్మే. కాగితం మీద చదివితే అర్థంకాని ఈ తేడా, ఆ కొండ దిగుడులో అందరికీ కనబడింది. డిస్క్ బ్రేకు ఖరీదైన కార్ల ముచ్చట కాదు, మామూలు కారుకి కూడా కావాల్సిన వస్తువు అని ఆస్ట్రేలియా కొనుగోలుదార్లకు నేర్పింది ఈ రేసేనని నా గట్టి అభిప్రాయం.

1964లో కూడా కార్టినా జీటీయే. 1965కి ఫోర్డ్ ఇంకో అడుగు వేసింది. కార్టినా జీటీ 500 అని, నూటికి కాస్త పైగా కార్లు మాత్రమే, ఫర్త్ చేతుల మీదుగా రూపొందాయి. వెనక పెట్రోలు పోసే మూతలు రెండు, ఎడమ ఒకటి, కుడి ఒకటి. మీ ఇంటి కారుకి రెండు మూతలెందుకు? పిట్‌లో, అంటే రేసు మధ్యలో బండి ఆపి పెట్రోలు పోయించుకునే చోట, ఇద్దరు రెండు వైపులా నిలబడి ఒకేసారి పోయడానికి! కారు పేరులోనే 500 ఉంది, దాచుకోవడం కూడా మానేశారు. బ్యారీ సీటన్, మిడ్జ్ బాస్వర్త్ దాంట్లో నెగ్గారు.

1966 గురించి ఒక్క వాక్యం చాలు. మొదటి తొమ్మిది స్థానాల్లోనూ మినీ కూపర్ ఎస్ కార్లే, ముందు రౌనో ఆల్టోనెన్, బాబ్ హోల్డెన్ జోడీ. ఆ కారుకి కూడా ట్యాంకులు రెండు.

ఆ తర్వాత వీ8ల, అంటే ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజిన్ల కాలం వచ్చింది. 1967లో ఫోర్డ్ ఫాల్కన్ జీటీ, 4.7 లీటర్ల ఇంజిన్‌తో. చిన్న కారు తెలివికి పెద్ద ఇంజిన్ బలం అడ్డుపడిన ఏడాది. ఆ రేసులో ఇంకో విశేషం ఉంది. అప్పట్లో చుట్లు లెక్కపెట్టేది మనుషులే, కాగితం మీద గీతలు గీస్తూ. ముందు గీత దాటింది గెగన్ అన్నదమ్ములు, విజయం వాళ్ళదే అన్నారు. ఫర్త్ ఒప్పుకోలేదు, లెక్క తప్పిందన్నాడు. షీట్లు మళ్ళీ చూస్తే నిజంగానే తప్పింది. గెలుపు ఫర్త్, ఫ్రెడ్ గిబ్సన్‌లది అయింది. పిట్‌లో కూర్చుని తన చుట్లు తనే సరిగ్గా రాసుకునే మనిషిని వెంట పెట్టుకోకపోతే ఎంత వేగంగా నడిపినా లాభం లేని రోజులవి.

1968లో హోల్డెన్ మొనారో నెగ్గింది. బ్రూస్ మెక్‌ఫీ 130 చుట్లలో 129 తనే నడిపాడు. కో-డ్రైవర్ బ్యారీ మల్హాలండ్‌కి దక్కింది ఒక్క చుట్టు. ఆ ఏడాది నుంచి రేసు పేరు హార్డీ ఫెరోడో 500 అయింది. ఫెరోడో అంటే బ్రేక్ లైనింగ్. మొదట షాక్ అబ్జార్బర్ల కంపెనీ, ఇప్పుడు బ్రేక్ లైనింగ్ కంపెనీ. ఆ రేసులో ఏం విరిగేదో ఈ ఇద్దరు స్పాన్సర్లను చూస్తేనే తెలిసిపోతుంది.

1969కి హ్యారీ ఫర్త్ ఫోర్డ్ వదిలి హోల్డెన్ వైపు వచ్చేశాడు. ఆయన నడిపిన జట్టు పేరు హోల్డెన్ డీలర్ టీమ్. కంపెనీ పేరు మీద రేసు చేయకూడదు కాబట్టి డీలర్ల పేరు. ఆ ఏడాది కాలిన్ బాండ్, టోనీ రాబర్ట్స్ నెగ్గారు. మొదటిసారి ఆ కొండ మీద నడిపి మూడో స్థానంలో వచ్చిన కుర్రాడు పీటర్ బ్రాక్. తర్వాత ఆయన ఆ రేసుని తొమ్మిదిసార్లు గెలిచాడు.

ఇప్పటికి ఫోర్డ్ అమ్ముతున్నది ఫాల్కన్ జీటీహెచ్ఓ. 1971 నాటి ఫేజ్ 3 మోడల్‌ని తీసుకోండి. నాలుగు తలుపులు, వెనక ముగ్గురు కూర్చునే సీటు, డిక్కీ. చూడ్డానికి కుటుంబం కారే. కానీ 5.8 లీటర్ల వీ8, డిక్కీ కింద 36 గ్యాలన్ల ట్యాంకు, అంటే 160 లీటర్ల పైమాట. ఎస్4 ట్యాంకుకి మూడింతలు! 300 కార్లు తయారుచేసి అమ్మారు, రూలుకి సరిపోయింది. 1970లోనూ 1971లోనూ అలన్ మొఫాట్ ఒక్కడే ఫాల్కన్‌లో మొత్తం దూరం నడిపి నెగ్గాడు. 1971లో ఎగిరొచ్చిన బీరు అట్టపెట్టె ఒకటి ఆయన కారు ముందు గ్రిల్‌కి అతుక్కుపోయింది. రేడియేటర్‌కు గాలి ఆగిపోతుందని చూసేవాళ్ళంతా భయపడ్డారు. ఆయన టెంపరేచర్ ముల్లు చూసుకుంటూ, అది కదలట్లేదు కాబట్టి ఆపకుండా నడిపాడు. మెకానిక్‌గా నాకు ఆ ఫొటో ఎంతో ఇష్టం. గేజ్‌ని నమ్మిన డ్రైవరు అరుదు.

చూశారా, పదేళ్ళలో ఎక్కడికి వచ్చిందో. కారు కొనేవాడిని కాపాడటానికి పెట్టిన రూలు, కొనేవాడి చేతికి రేసు కారునే ఇచ్చేదాకా వచ్చింది. రూలు ఉల్లంఘించినవాళ్ళు లేరు, అందరూ దాన్ని అక్షరాలా పాటించారు. లైసెన్సు కొత్తగా వచ్చిన ఇరవై ఏళ్ళ కుర్రాడు కూడా డబ్బుంటే నేరుగా వెళ్ళి ఫేజ్ 3 కొనుక్కోవచ్చు. రోడ్ల మీద చావులు ఎక్కువగా ఉన్న కాలం అది.

1972 జూన్‌లో ఒక సిడ్నీ ఆదివారం పత్రిక మొదటి పేజీలో దీన్ని పెద్ద అక్షరాలతో వేసింది, గంటకు 160 మైళ్ళ వేగంతో పోయే కార్లు రోడ్డు మీదికి వస్తున్నాయని. న్యూ సౌత్ వేల్స్ రవాణా మంత్రి మిల్టన్ మోరిస్ గట్టిగా ఎదురుతిరిగాడు. కొన్ని రోజుల్లోనే ఫోర్డ్ తన ఫేజ్ 4నీ, హోల్డెన్ వీ8 టొరానానీ ఆపేశాయి. రేసు అభిమానులు ఇప్పటికీ ఆ పత్రికనీ ఆ మంత్రినీ తిట్టుకుంటారు. నేను తిట్టుకోను. ట్రాక్ మీద మొఫాట్ చేతుల్లో అద్భుతంగా నడిచిన కారు, పక్క వీధి కుర్రాడి చేతుల్లో, రాత్రి పూట, తడి రోడ్డు మీద ఏమవుతుందో వర్క్‌షాప్‌కి లాక్కొచ్చే బళ్ళను చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

1972 అక్టోబర్‌లో 500 మైళ్ళ ఆఖరి రేసు వానలో జరిగింది. పీటర్ బ్రాక్ ఆరు సిలిండర్ల చిన్న టొరానా ఎక్స్‌యూ-1లో ఒక్కడే నడిపి పెద్ద ఫాల్కన్లను ఓడించాడు. తడి రోడ్డు మీద పెద్ద ఇంజిన్ కన్నా తేలిక బండే మేలు. పదేళ్ళ కింద కార్టినా చెప్పిన మాటే మళ్ళీ రుజువైంది. 1973 నుంచి దూరం 1000 కిలోమీటర్లు, ఇద్దరు డ్రైవర్లు తప్పనిసరి, షోరూమ్ కారే ఉండాలన్న రూలు తీసేసి రేసు కోసం మార్పులు చేసుకోనిచ్చారు. ఇప్పుడు ప్రతి అక్టోబర్‌లో జరిగే బాథర్స్ట్ 1000 అదే. మంచి రేసే, నేనూ టీవీ ముందు రోజంతా కూర్చుంటాను. కానీ ఈనాటి కార్లలో షోరూమ్ కారు భాగం దాదాపు లేదు.

నన్నడిగితే ఈ రేసుకి అసలైన రోజులు ఫిలిప్ ఐలాండ్ మూడేళ్ళు, బాథర్స్ట్‌లో మొదటి రెండేళ్ళు. వీ8ల కాలం గురించే పుస్తకాలూ పోస్టర్లూ ఎక్కువ, వాటి శబ్దం అలాంటిది మరి. కానీ ఒక సగటు ఇంటి బండి బ్రేకులు ఎంతసేపు నిలుస్తాయో, షాకులు ఎప్పుడు చేతులెత్తేస్తాయో దేశం మొత్తానికీ చూపించినవి ఆ మొదటి ఐదేళ్ళే.

ఇక చివరి ప్రశ్న, తమ్ముడు సిడ్నీలో ఉంటే చూడొచ్చా అని. హాయిగా చూడొచ్చు. బాథర్స్ట్ సిడ్నీకి పడమరగా 200 కిలోమీటర్ల దూరం, బ్లూ మౌంటెన్స్ మీదుగా సుమారు మూడు గంటల ప్రయాణం. రేసు లేని రోజుల్లో మౌంట్ పనోరమ మామూలు పబ్లిక్ రోడ్డే, దాని పక్కన ఇళ్ళున్నాయి, ద్రాక్షతోటలున్నాయి. టికెట్ లేదు. రెండు వైపులా బళ్ళు వస్తుంటాయి, స్పీడ్ లిమిట్ 60, పోలీసులు గట్టిగా చూస్తుంటారు కాబట్టి తమ్ముడికి ముందే చెప్పండి. స్కైలైన్ దాటాక దిగేటప్పుడు రెండో గేర్‌లో మెల్లగా దిగమనండి, డ్రమ్ బ్రేకులతో అక్కడ 130 సార్లు దిగడం అంటే ఏమిటో అప్పుడే తెలుస్తుంది. కాన్‌రాడ్ స్ట్రెయిట్ చివర నేషనల్ మోటార్ రేసింగ్ మ్యూజియం ఉంది, ఆ కాలపు కార్లు, బైకులు అందులో చూడొచ్చు. ఫాల్కన్ కనిపిస్తే డిక్కీ వైపు వెళ్ళి ట్యాంకు ఎంత జాగా తినేసిందో చూడమనండి. అక్టోబర్ రేసు వారంలో మాత్రం ట్రాక్ మీదికి కారు తీసుకెళ్ళనివ్వరు, ఊళ్ళో గది కూడా దొరకదు. మిగతా నెలల్లో ఎప్పుడైనా సరే.